పల్నాటి విరామం

నాకు తుమ్ము వస్తే ఒక్కటే వస్తుంది. రెండోది రాదు. ఇది నా చేతుల్లో ఉన్న పని కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. ఉద్యోగ జ్ఞాపకాలు రాయమంటే ఈ ముసలాయన ముక్కు సంగతి ఎత్తుకున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. కంప్యూటర్ల ముందు కూర్చుని మనిషి ఊపిరితిత్తుల్లో గాలి ఎలా తిరుగుతుందో లెక్కలు కట్టబోయే కుర్రాళ్లకీ అమ్మాయిలకీ నేను చెప్పగలిగింది ఏదన్నా ఉంటే అది ఈ ముక్కు దారిలోనే రావాలి.

మా వైపు ఒంటి తుమ్ము అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎవరైనా ఒక పని మొదలెడుతుండగా పక్కవాడు ఒక్క తుమ్ము తుమ్మితే ఆ పని ఆగిపోవాలి. కాసేపు కూర్చోవాలి, గుక్కెడు మంచినీళ్లు తాగాలి, అప్పుడు మళ్లీ మొదలెట్టాలి. వెంటనే రెండో తుమ్ము పడితే దోషం లేదంటారు. నాకు పడదని చెప్పానుగా. చిన్నప్పుడు మా నాన్న అరక కట్టుకుని పొలానికి బయల్దేరుతుంటే నేను తుమ్మేవాణ్ణి. ఆయన ఎడ్లను నిలబెట్టి, అరుగు మీద కూర్చుని, తీరిగ్గా నన్ను తిట్టి, ఆ తర్వాత వెళ్లేవాడు. నా పెళ్లిలో తాళి కట్టబోతుంటే ముక్కు దురద పుట్టింది. పురోహితుడు నా మొహం చూసి విషయం కనిపెట్టి, గట్టిమేళం, గట్టిమేళం అని కేకేశాడు. సన్నాయి, డోలు కలిసి చెవులు చిల్లులు పడేలా మోగాయి. ఆ మోతలో నేను తుమ్మింది మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంతకీ నా ఉద్యోగం. నరసరావుపేట ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పంతులుని. నీళ్లు, గాలి గొట్టాల్లో ఎలా పారతాయో చెప్పడం నా పాఠం. తల నెరిసేదాకా అదే చెప్పాను. కాలేజీ ప్రహరీ గోడ అవతల మిరపకాయల కల్లం ఉంది. శివరాత్రి దగ్గర పడిందంటే ఆ కల్లం ఎర్ర దుప్పటి పరిచినట్టు ఉంటుంది, నా ముక్కు కూడా అదే రంగులో ఉంటుంది. మా కరస్పాండెంటు గారిది మిర్చి కోల్డ్ స్టోరేజీల వ్యాపారం. చదువు మీద భక్తి ఎక్కువ, ఓపిక తక్కువ. ఆ కల్లాన్ని ఇంకోచోటికి మార్పించండని ఒకసారి అడిగితే, ఆ ఘాటు సంగతి ఎందుకు మాస్టారూ, మీ జీతం కూడా అందులోంచే వస్తోంది అన్నారు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఊళ్లో ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన ఉండేవాడు. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు, జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము మింగేవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన బాధ ఒకటే. ఇన్‌హేలర్‌తో మందు పీల్చమని ఇస్తే అది గొంతులోనే ఆగిపోతోందా, లోపలి సన్న గొట్టాల దాకా పోతోందా, మనిషి మనిషికీ ఎలా తెలుస్తుంది? మీరు గాలి పారే లెక్కలు వేస్తారుగా, వేసి పెట్టండి అన్నాడు. వేశాం. ఛాతీ స్కాన్ తీసుకుని, అందులో గాలి గొట్టాలు కొమ్మలు కొమ్మలుగా ఎలా చీలాయో కంప్యూటర్‌కు ఎక్కించి, ఊపిరి పీల్పించి చూశాం. మనిషి క్షణంలో పీల్చి వదిలే గాలికి మా కంప్యూటర్ రెండు మూడు రోజులు చెమటోడ్చేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వచ్చేది. డాక్టరు గారు ఫోను చేసి, ఏందండీ, మీ లెక్క తేలేలోపు నా పేషెంటు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాల్నా అని అడిగేవాడు.

అప్పుడు ముందుకొచ్చింది మా డిపార్టుమెంటు అమ్మాయి. బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు ఆమెది. రోజూ బస్సులో వచ్చి పాఠాలు చెబుతూ, నా దగ్గరే పీహెచ్‌డీ చేస్తూ ఉండేది. మాట తక్కువ. కోపం వస్తే ఆ ఉన్న మాట కూడా మానేసి, కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుంటూ కూర్చునేది. ఆ తుడవడం ఎంతసేపు సాగితే కోపం అంత ఉన్నట్టు. పెళ్లి, పిల్లవాడు, కరోనా, అన్నీ అడ్డం వచ్చి ఆమె గడువు దాటిపోయింది. యూనివర్సిటీ వాళ్లు ఒకసారి పొడిగించి, ఇదే ఆఖరు అన్నారు. ఆ ఎండాకాలంలోగా బయటి నుంచి వచ్చే నిపుణుడు పని చూసి సరే అనకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ల కష్టం గంగపాలు. ఇది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు, కాలేజీ బస్సు డ్రైవర్లకు కూడా తెలుసు.

న్యూరల్ నెట్‌వర్క్ పెడదాం సార్ అంది. నాకు ఒళ్లు మండింది. జీవితమంతా సమీకరణాలు నమ్ముకున్నవాణ్ణి, ఊహించి చెప్పే యంత్రాన్ని నమ్మాలంటే ఎలా? ఆమె కళ్లజోడు తీయలేదు, అంటే కోపం రాలేదన్నమాట. నెమ్మదిగా చెప్పింది.

"మిర్చి కొనేవాడు గుప్పెడు కాయ తీసి చెవి కాడ ఆడించి తేమ ఎంతుందో చెప్తాడు గదా సార్. వాడేం సమీకరణం వేశాడు? బస్తాలు బస్తాలు చూశాడు, అంతే. మనం రోజుల తరబడి వేసిన లెక్కలే బస్తాలు. అవన్నీ చూపిస్తే ఇది నేర్చుకుంటది. కొత్త మనిషి రాగానే కాయ ఆడించినట్టు చెప్పేస్తది."

కరస్పాండెంటు గారికి ఈ పోలిక వినగానే ప్రాణం లేచొచ్చింది. కొత్త కంప్యూటర్ కొనిచ్చారు.

ఇక ఊపిర్లు పోగుచేయాలి. స్కాన్లకు కొదవ లేదు. కరోనా పుణ్యమా అని మా ఊళ్లో ప్రతి ఇంటి బీరువా మీదా సీడీతో సహా ఒక ఛాతీ స్కాన్ కవరు ఉంది. ఆ మనుషులనే పిలిచి, ఒక గొట్టం నోట్లో పెట్టి, గాలి పీల్చి వదలమంటే అది ఎంత వేగంతో పోతోందో గీత గీసి చూపించే యంత్రం ఒకటి తెప్పించాం. మొదటి గుక్క అందగానే మిగతా ఊపిరి ఎలా సాగుతుందో, ఏ కొమ్మలోకి ఎంత గాలి పోతుందో నెట్‌వర్క్ చెప్పాలి. అదీ మా పని.

ఊపిర్లు తీసే గది కింద అంతస్తులో. పాత సామాన్ల గది, ఒక్క కిటికీ. అక్కడ నేను. లెక్కలు నడిచే ఏసీ గది పైన. అక్కడ ఆమె. నేను తీసిన ఊపిరి వైరు మీద పైకి వెళ్లిపోయేది. మనుషులు వరసగా వచ్చారు. క్యాంటీను వంట మాస్టారు వచ్చాడు, గొట్టం పట్టుకోగానే దీనికి ఉప్పు తగ్గింది అన్నాడు. లైబ్రేరియన్ ఊదే ముందు గొట్టాన్ని గుడ్డతో తుడిచాడు, ఊదాక కూడా తుడిచాడు. బస్సు డ్రైవర్లు వచ్చారు. సత్తెనపల్లి నుంచి ఒక మేళగాడు వచ్చాడు, సన్నాయి వాయించినంత సేపు గాలి వదులుతూనే ఉంటే నేనే ఇక చాలయ్యా అని గొట్టం లాక్కున్నాను. కరస్పాండెంటు గారు కండువా సర్దుకుని, ఫొటో తీయించుకుని మరీ ఊదారు.

నా పద్ధతి ఇది. మనిషిని కూర్చోబెడతాను. ఫ్యాను గాలికి యంత్రం లెక్క చెడుతుందని ఫ్యాను కట్టేస్తాను. ఉక్కపోస్తుంది కాబట్టి కిటికీ తెరుస్తాను. ఊఁ, కానివ్వండి అంటాను. ఆయన పీలుస్తాడు. కిటికీలోంచి కల్లం ఘాటు వస్తుంది. నేను తుమ్ముతాను. ఆయన తన దారిన ఊపిరి తీసుకుంటాడు. అయిపోయింది, తర్వాతి మనిషి. చాలా శాస్త్రీయంగా జరిగిందనే నా నమ్మకం.

మాఘం పోయింది, ఫాల్గుణం వచ్చింది. ఊపిర్లన్నీ చేరాయి. ఆమె రాత్రీ పగలూ లెక్కలు నడిపించి, వాటిని నెట్‌వర్క్‌కు చూపించింది. ఒకనాడు పొద్దున్నే నన్ను పైకి పిలిచింది. ఒక స్కాన్ ఇచ్చి, మీట నొక్కింది. నేను కళ్లజోడు పెట్టుకునేలోపు తెర మీద ఊపిరితిత్తులు నిండా రంగులు పాకాయి. రెండు మూడు రోజుల పని అది. నేను నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. నిజం చెబుతున్నాను, నాకు కళ్లు చెమర్చాయి. ఆ అమ్మాయి గడువు గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఆమె మొహంలో మాత్రం సంతోషం లేదు. గీత మీద వేలు పెట్టి చూపించింది. గాలి లోపలికి బయల్దేరుతోంది. బయల్దేరిన వెంటనే ఠక్కున ఆగిపోతోంది. కాసేపు సున్నా. మళ్లీ మొదటి నుంచి బయల్దేరుతోంది. ఎవరి స్కాన్ ఇచ్చినా, మనం తీసిన ఏ ఊపిరి తిరగేసినా ఇదే వరస. ఇదేంది సార్ అంది.

ఇక్కడే మీరు నేర్చుకోవలసింది ఉంది. పంతులన్నవాణ్ణి ప్రశ్న అడిగితే తెలియదని చెప్పడం ఎవరికీ రాదు. నేను గడ్డం నిమురుకుని, గీతను చూసి, ఒక సిద్ధాంతం చెప్పాను. మన ప్రాంతం వాళ్లు తరతరాలుగా మిరప ఘాటులో బతికారు. అందుకని మన గొంతు గాలిని లోపలికి రానిచ్చే ముందు ఒక్క క్షణం ఆపి, ఎవరు నువ్వు, ఏం పని మీద వచ్చావు అని విచారించి, ఆ తర్వాత రానిస్తుంది. చెబుతుంటే నాకే ముచ్చటేసింది. దానికి పేరు కూడా పెట్టాను. పల్నాటి విరామం.

ఆమె కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టింది. ఇంకో జిల్లా వాళ్ల ఊపిర్లు కూడా కొన్ని తీసి చూద్దాం సార్ అంది. టైము లేదు, అక్కర్లేదు అన్నాను. ఇంకా తుడుస్తూనే ఉంది.

కరస్పాండెంటు గారికి చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచారు.

"అంటే మన ఊపిరి కూడా ఎవర్నీ ఊరికే లోపలికి రానీదన్నమాట. నాకు ఎప్పట్నుంచో అనుమానమే మాస్టారూ."

మర్నాటికి గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. మధ్యలో ఊపిరితిత్తులు, అటొక మిరపకాయ, ఇటొక మిరపకాయ, ఊపిరితిత్తుల కంటే పెద్ద సైజులో కరస్పాండెంటు గారి ఫొటో. పల్నాటి విరామాన్ని ప్రపంచానికి పరిచయం చేస్తున్న మన కాలేజీకి అభినందనలు, ఇట్లు మన కాలేజీ. నా ఫొటో కింద మూలన ఉంది. ఆ అమ్మాయి ఫొటో లేదు, స్థలం చాలలేదన్నారు. మాచర్ల నుంచి మా బావమరిది ఫోను చేసి, బావా, మాచర్లలో కూడా ఆగుతోందా ఊపిరి అని అడిగాడు. ఆగుతుందిరా, అందరికీ ఆగుతుంది అని ధీమాగా చెప్పాను.

నిపుణుడు వచ్చే రోజు వచ్చింది. దూరం ఊరు, పెద్ద సంస్థలో ప్రొఫెసరు. ఊపిరితిత్తుల్లో గాలి లెక్కలంటే ఆయన తర్వాతే ఎవరైనా. సన్నగా, గంభీరంగా, పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడేవాడు. గేటు దగ్గర దిగి ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివాడు, మళ్లీ కిందినుంచి పైకి చదివాడు. ఆ రెండోసారి చదవడం నాకు నచ్చలేదు.

పైన ఏసీ గదిలో ప్రిన్సిపాలు, కరస్పాండెంటు గారు, డాక్టరు గారు, నేను, అందరం కూర్చున్నాం. అమ్మాయి తన పని అంతా చెప్పింది. ఆయన వేగాన్ని మెచ్చుకున్నాడు. విరామం దగ్గరికి వచ్చేసరికి చేయి అడ్డం పెట్టాడు.

"ఇది నేను నమ్మలేనమ్మా. మనిషి శ్వాస ఇలా ఆగదు. నా ఛాతీ స్కాన్ నా దగ్గరే ఉంది. నేనే ఊదుతాను. మీ నెట్‌వర్క్ ఏం చెబుతుందో చూద్దాం."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. ఆ రంగంలో వాళ్లు సొంత ఊపిరితిత్తులను జేబులో వేసుకుని తిరుగుతారని నాకు అప్పుడే తెలిసింది. అమ్మాయి మొహం పాలిపోయింది. కింది గదిలోంచి యంత్రాన్ని పైకి తెప్పించాం. నేను నా పద్ధతి ప్రకారం ఏసీ కట్టేసి, కిటికీ తెరిచి, ఊఁ, కానివ్వండి అన్నాను.

తెర మీద రెండు గీతలు. నీలం గీత నెట్‌వర్క్ చెప్పేది, ఎర్ర గీత ఆయన నిజంగా పీల్చేది. ఆయన పీల్చడం మొదలెట్టాడో లేదో నీలం గీత ముందుకు ఉరికి, అలవాటు ప్రకారం ఠక్కున సున్నాకు పడిపోయింది. ఎర్ర గీత హాయిగా పైకి పోతోంది. అయిపోయింది, ఆమె బతుకు బస్టాండే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కల్లం ఘాటు కిటికీలోంచి వచ్చి నా ముక్కులో దూరింది. ఆపుదామని చూశాను. ముక్కు పట్టుకున్నాను, దేవుణ్ణి తలచుకున్నాను, నాలుక కొరుక్కున్నాను. లాభం లేకపోయింది. గది దద్దరిల్లేలా తుమ్మాను. ఒక్కటి.

ఎర్ర గీత ఠక్కున సున్నాకు పడింది.

నిపుణుడు గొట్టం నోట్లో ఉంచుకునే ఆగిపోయాడు. కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి పీల్చాడు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. గదంతా చప్పట్లు. కరస్పాండెంటు గారు లేచి నిలబడి, చూశారా, చూశారా అని ప్రిన్సిపాలు వీపు మీద చరిచారు. నిపుణుడు గొట్టం తీసి, తెర వంక చూసి, ఆశ్చర్యంగా ఉంది, నిజంగానే ఆగింది అన్నాడు. కలం జేబులోంచి తీస్తున్నాడు కూడా. నాకు కాలు నేల మీద నిలవలేదు. నా సిద్ధాంతం నిలబడింది, అమ్మాయి గట్టెక్కింది, ఇంకేం కావాలి?

అమ్మాయి మాత్రం తెరను చూడటం లేదు. నా ముక్కును చూస్తోంది. కళ్లజోడు తీసింది. తుడవలేదు. మళ్లీ పెట్టుకుని ఆయన్ని అడిగింది.

"సార్, మీరు మధ్యలో ఎందుకు ఆగారు?"

ఆయన కలం బల్ల మీద పెట్టాడు. మొహం ఎర్రబడింది. ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చింది అచ్చేసిన తెలుగు కాదు.

"మాస్టారు తుమ్మాడు గదమ్మా. ఒంటి తుమ్ము. మాది గురజాల దగ్గరలే. మా నాయనమ్మ ఉంటే చెప్పులిప్పి కూర్చోమనేది."

ఆమె తెర మీది గీత వైపు చేయి చూపించింది.

"అదే సార్. మా డేటాలో అందరూ అందుకే ఆగి ఉంటారు. ఊపిర్లన్నీ తీసింది మా సారే."

నాకు తల కొట్టేసినట్టయింది. పుట్టినప్పట్నుంచి నా తుమ్ముకు జనం ఆగుతూనే ఉన్నారు. నడిచేవాళ్లు ఆగారు, ఎడ్లు ఆగాయి, పెళ్లి ఆగబోయింది. ఆగడం నా కంటికి ఆనడం ఎప్పుడో మానేసింది. ఎదురుగా కూర్చున్న వంట మాస్టారు, లైబ్రేరియన్, డ్రైవర్లు, కరస్పాండెంటు గారు, అందరూ గొట్టం నోట్లో పెట్టుకుని నా తుమ్ముకు ఊపిరి బిగబట్టి, కాసేపు ఆగి, దోషం పోయాక పీలుస్తుంటే, అది మనిషి తీరే అనుకున్నాను. పాపం ఆ నెట్‌వర్క్ కూడా అదే అనుకుంది. మనుషులంటే ఊపిరి మొదలెట్టి, ఒకసారి శకునం చూసుకుని, ఆ తర్వాత బతికేవాళ్లని నేర్చుకుంది.

ఆమె ఇంకా నిలబడే ఉంది. నోరు మూసుకుని ఉంటే సంతకం పడేది. అది ఆమెకు తెలియదా? ఆ సంతకం కోసం ఎన్నేళ్లు బస్సులో నిలబడి వచ్చిందో నాకు తెలుసు. ఆ క్షణంలో నాకు ఆ పిల్ల మీద ఎంత గర్వం కలిగిందో, నా మీద నాకు అంత రోత పుట్టింది. రెండూ ఒకేసారి కలిగితే మనిషి ఏం చేయాలో తెలియక నేను మంచినీళ్లు తాగాను.

నిపుణుడు నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. మీ నెట్‌వర్క్ చానా బుద్ధిమంతురాలమ్మా, నేర్పింది నేర్పినట్టు నేర్చుకుంది అన్నాడు. నవ్వు ఆపుకుని, కానీ దీని మీద మాత్రం నేను సంతకం పెట్టలేను అన్నాడు. అప్పుడు ఆమె చెప్పింది. ప్రతి మనిషీ ఆగి మళ్లీ మొదలెట్టాక తీసిన ఊపిరి మంచిదే. దాని లెక్కలు కూడా ఇప్పటికే ఉన్నాయి. తుమ్ము దాకా ఉన్న ముక్క కోసేసి, మిగతాదాంతో మళ్లీ నేర్పిస్తే సరిపోతుంది. పాత పద్ధతిలో అయితే నెలలు పట్టేది. ఇది మధ్యాహ్నానికల్లా నేర్చుకుంటుంది.

"నా రైలు సాయంత్రం. అందాకా ఉంటా" అన్నాడాయన.

ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. మేం భోజనాలకు దిగాం. గోంగూర, ముద్దపప్పు, నాటుకోడి. కరస్పాండెంటు గారు ఆయన పక్కన కూర్చుని, గురజాలలో ఎవరి తాలూకు, తాతగారి పేరేంది, మేనమామలు ఎక్కడ అని తవ్వడం మొదలెట్టారు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి చుట్టరికం దొరికింది. ఇద్దరూ బావా బావా అనుకుంటున్నారు. ఇదెక్కడి గొడవరా బాబూ, ఇక పరీక్ష చెల్లదంటారేమోనని నేను ముద్ద మింగలేకపోయాను. ఆయన చేయి కడుక్కుంటూ, బావా, చుట్టరికం కిందనే, పైన కాదు అని తేల్చి చెప్పాడు. నాకు ముద్ద దిగింది.

ఇక మిగిలిన సమస్య నేను. ప్రిన్సిపాలు గారు మర్యాదగా, మీరు ఊళ్లోకి వెళ్లి ఒక టీ తాగి రండి సార్ అన్నారు. ఆ అమ్మాయి పరీక్ష జరుగుతుంటే నేను పోయి టీ కొట్టు దగ్గర కూర్చుంటానా? పోనన్నాను. కిటికీలన్నీ మూసేద్దామన్నారు. మూసినా వినపడుతుందని, తన క్యాబిన్ దాకా వినపడుతుందని లైబ్రేరియన్ సాక్ష్యం చెప్పాడు. అప్పుడు కరస్పాండెంటు గారికి ఉపాయం తట్టింది. మాస్టారు తుమ్మకుండా ఉండలేడు, అది వినపడకుండా చెయ్యడమే మన పని, పెళ్లిలో గట్టిమేళం ఎందుకు పెట్టారనుకున్నారు అన్నారు. నా పెళ్లి సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలుసు. మా ఆవిడా వాళ్ల ఆవిడా ఒకే గుడికి వెళతారు.

కాలేజీ బస్సులన్నీ వరసగా నిలిపారు. డ్రైవర్లందరినీ సీట్లలో కూర్చోబెట్టారు. నేను వాళ్ల ముందు నిలబడాలి. ముక్కు దురద పుట్టగానే చేయి ఎత్తాలి. ఎత్తగానే అందరూ హారన్లు కొట్టాలి. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, బస్సుల ముందు ట్రాఫిక్ పోలీసులా నిలబడ్డాను. పైన ఏసీ గదిలో ఆమె. కిందనుంచి నాకు కిటికీ అద్దంలో ఆమె తల మాత్రమే కనిపిస్తోంది. ఆ తల వంగింది. మీట నొక్కిందని అర్థమైంది. నాకు ముక్కు దురద పుట్టింది. పుట్టదా మరి?

చేయి ఎత్తాను. బస్సులన్నీ ఒక్కసారి అరిచాయి. కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్లు గంపలు వదిలి లేచి నిలబడ్డారు. రోడ్డు మీద ఆటోవాడు, ఏదో అనుకుని, తనూ కొట్టాడు. ఆ మోతలో నేను తుమ్మిన తుమ్ము నాకే వినపడలేదు.

పైన ఏం జరిగిందో తర్వాత డాక్టరు గారు చెప్పారు. హారన్ల మోత మొదలైనప్పుడు నిపుణుడు ఊపిరి సగంలో ఉన్నాడట. కనురెప్ప కూడా కదల్చలేదట. కదల్చడు. ఎన్నేళ్లు దూరంలో ఉన్నా ఆయన మా వైపు మనిషే. హారన్ వినపడితే ఆగే అలవాటు మా వైపు ఎవరికీ లేదు. ఎర్ర గీత నున్నగా పైకి పోయి నున్నగా దిగింది. నీలం గీత దాని వెంటే పోయి, దాని వెంటే దిగింది. ఎక్కడా ఆగలేదు.

కిటికీ తెరుచుకుంది. ఆమె తల బయటపెట్టి కిందికి చూసింది. కళ్లజోడు తీసి, చున్నీతో కళ్లు తుడుచుకుంది. కళ్లజోడు కాదు, కళ్లు. నేను ఎత్తిన చేయి ఇంకా దించలేదు కాబట్టి డ్రైవర్లు హారన్లు కొడుతూనే ఉన్నారు.

మర్నాడు ఫ్లెక్సీ దించేశారు. దాన్ని కల్లంలో మిరపకాయల మీద మంచు పడకుండా కప్పారు. చానా కాలం నా మొహం ఆకాశం వైపు చూస్తూ పడుకుంది. డాక్టరు గారి గదిలో ఇప్పుడు ఆ నెట్‌వర్క్ ఉంది. పేషెంటు కుర్చీలో కూర్చునేలోపు మందు ఎక్కడిదాకా పోతుందో చెబుతోంది. కొత్త ఊపిర్లు తీసేటప్పుడు నన్ను ఆ చుట్టుపక్కలకు రానివ్వరు. సంతకం పడింది, పీహెచ్‌డీ వచ్చింది, అమ్మాయి ఇప్పుడు డాక్టరమ్మ, నా డిపార్టుమెంటుకు ఆమే హెడ్డు. ఒక ఊపిరి తీయాలంటే పక్కన మా జిల్లా మనిషి ఒకరు, బయటి జిల్లా మనిషి ఒకరు ఉండి తీరాలని రూలు పెట్టింది. మీరు ఇలాంటి పని చేస్తే ఆ రూలు పాటించండి. ఎందుకు పెట్టిందో ఎవరన్నా అడిగితే నా పేరు మాత్రం చెప్పకండి.

నా రిటైర్మెంటు కూడా మిరపకాయల కాలంలోనే పడింది. శాలువా కప్పారు, దండలు వేశారు. కరస్పాండెంటు గారు పల్నాటి విరామం కథ మళ్లీ చెప్పి అందర్నీ నవ్వించారు. ఇంటి దాకా దింపడానికి కాలేజీ బస్సు ఒకటి పెట్టారు. అందరూ గేటు దాకా వచ్చారు. నేను మెట్టు మీద కాలు పెట్టాను. ముక్కు దురద పుట్టింది.

అలవాటు కొద్దీ చేయి ఎత్తాను. డ్రైవరు అలవాటు కొద్దీ హారన్ మీద చేయి పెట్టాడు. వెనక నుంచి అమ్మాయి గొంతు వినపడింది.

"కొట్టొద్దు."

తుమ్మాను. ఒక్కటి. గేటు దగ్గర ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. ఆ ఆగడం నేను కళ్లారా చూశాను, మొదటిసారి. వంట మాస్టారు ఆగాడు, లైబ్రేరియన్ ఆగాడు, కరస్పాండెంటు గారు కండువా మీద చేయి వేసుకుని ఆగారు. నన్ను పెద్ద నిపుణుడి ముందు నిలబెట్టి నిజం చెప్పిన పిల్ల కూడా ఆగింది. లోపలికి వెళ్లి ఒక కుర్చీ తెచ్చి నీడలో వేసింది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.

"కూర్చోండి సార్. ఒంటి తుమ్ము. ఇప్పుడే పోగూడదు" అంది.

కూర్చున్నాను. అందరూ నా చుట్టూ చేరి రెండో తుమ్ము కోసం చూశారు. అది రాదని అందరికీ తెలుసు. డ్రైవరు ఇంజను కట్టేశాడు.